నల్లమలను గోడ కట్టేశాం: 1400 నాటి తెలుగు నేల గేమ్ మ్యాపును తిరగ్గీసిన సంగతి

"అన్నా, మీరు నల్లమలను గోడ కట్టేశారు. రెడ్డి రాజ్యం నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డేమో అదే కొండల్లో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఇద్దరిలో ఒకరిది తప్పు. ఆయనది మాత్రం కాదు."

మా గేమ్ రెండో టెస్ట్ బిల్డ్ (పరీక్షకు పంపిన వెర్షన్) ఆడినవాళ్లలో ఒకతను పంపిన మాట ఇది. చదవగానే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కాస్త చురుక్కుమంది కూడా, ఎందుకంటే మ్యాపులో ఆ కొండల్ని దాటరాని గోడగా గీసింది నేనే, అప్పటికి దాని గురించి లోపల్లోపల గర్వపడుతూ ఉన్నాను.

మాది నలుగురి టీమ్. దక్కన్ మీద ఒక చారిత్రక స్ట్రాటజీ గేమ్ చేస్తున్నాం. రాజ్యం ఎంచుకోవడం, కోటలు పట్టడం, పన్నులు, పొత్తులు, వెన్నుపోట్లు, మామూలు సరుకే. అందులో నా పని మ్యాపు. తెలుగు ప్రాంతం ఉన్న ముక్కను మొదట ఎలా గీశాం, ఆడినవాళ్ల మాట విని ఏం మార్చాం, ఎక్కడ వినలేదు అన్నదే ఇక్కడ చెబుతున్నాను. మిగతా మ్యాపు జోలికి వెళ్లను.

గేమ్ 1400లో మొదలవుతుంది. ఎందుకు 1400 అని చాలామంది అడిగారు. ఈ తరహా గేముల్లో అందరికీ తెలిసిన యూరోపా యూనివర్సాలిస్ 4 మొదలయ్యేది 1444 నవంబర్ 11న. అప్పటికి కొండవీడు పోయి 20 ఏళ్లు, ఓరుగల్లు బహమనీల చేతిలో ఉంది. తెలుగు నేల మీద నాటకం సగం పైగా అయిపోయాక తెర లేచినట్టు ఉంటుంది. అదే 1400లో అయితే కొండవీట్లో కుమారగిరి రెడ్డి, రాజమహేంద్రవరంలో ఆయన సోదరి భర్త కాటయ వేముడు, రాచకొండ, దేవరకొండల్లో రేచర్ల వెలమ నాయకులు, గుల్బర్గాలో ఫిరోజ్ షా బహమనీ, విజయనగరంలో రెండో హరిహరరాయలు, ఉత్తరాన కళింగంలో గంగ వంశపు నాలుగో నరసింహదేవుడు. ఎవరికి ఎవరి మీదా నమ్మకం లేదు. స్ట్రాటజీ గేమ్‌కి ఇంతకన్నా మంచి పంపకం ఎక్కడ దొరుకుతుంది.

మొదటి మ్యాపు ఎలా పుట్టిందంటే

ఈ గేముల్లో మ్యాపు అంటే అడుగున ఉండేది ఒక రంగుల బొమ్మ. ప్రతి ప్రావిన్స్‌కీ ఒక రంగు, ఏ రెండింటికీ ఒకే రంగు ఉండకూడదు. రెండు రంగుల పిక్సెళ్లు ఒకదానికొకటి తగిలితే ఆ రెండు ప్రావిన్సులూ ఇరుగుపొరుగని ప్రోగ్రామ్ అనుకుంటుంది, అక్కణ్ణుంచి ఇక్కడికి సైన్యాన్ని నడవనిస్తుంది. పైన కనిపించే కొండలు, నదులు, చెట్లు, వంపు తిరిగిన అందమైన అక్షరాలు అన్నీ అలంకారమే. ఆట జరిగేది కింద ఉన్న ఆ రంగుల బొమ్మ మీద.

ఎత్తుపల్లాలకు ఎస్ఆర్‌టీఎం డేటా తీసుకున్నాం. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన డేటా అది, ఉచితంగా దొరుకుతుంది. ప్రావిన్సుల ఎల్లల దగ్గరికి వచ్చేసరికి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఇప్పటి జిల్లాల షేప్‌ఫైల్ (ఎల్లల గీతలుండే మ్యాపు ఫైలు) దించుకుని పెద్దవాటిని ముక్కలు చేసి, చిన్నవాటిని కలిపి, గీతల్ని కొంచెం వంకరగా చేసి, పాత మ్యాపులా కనిపించేదాకా సాగదీశాను. పేర్లు తర్వాత చూసుకోవచ్చులే అని తాత్కాలికంగా ఏవో పెట్టాను. తాత్కాలికం అన్నది ఎప్పుడూ శాశ్వతంగానే ఉండిపోతుంది కదా, వాటిలో కొన్ని అలాగే టెస్ట్ బిల్డ్‌లోకి వెళ్లిపోయాయి.

దాంతో కుమారగిరి రెడ్డి 1400లో 'ప్రకాశం' ప్రావిన్స్ నుంచి పన్ను వసూలు చేశాడు. ఆ జిల్లా ఏర్పడింది 1970లో. ఆ పేరు టంగుటూరి ప్రకాశం పంతులుది, ఆయన పుట్టిందే 1872లో. దీని మీద వచ్చినన్ని జోకులు మా గేమ్‌లో ఇంక దేని మీదా రాలేదు. నైరుతి ప్రాంతానికంతా 'రాయలసీమ' అని పెట్టాను, ఆ పేరు 1928లో నంద్యాల సభలో పెట్టింది. గోదావరి ఒడ్డున 'భద్రాచలం' అని ఇంకో ప్రావిన్స్. అక్కడ కంచెర్ల గోపన్న గుడి కట్టించింది 17వ శతాబ్దంలో, అంటే మా ఆట మొదలైన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక. హైదరాబాద్ పెట్టలేదు, అంతవరకు నయం.

పేర్ల తప్పులు చూడ్డానికి ఘోరంగా ఉంటాయి గానీ సరిచేయడం సులువు. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయింది. కర్నూలు కందనవోలు అయింది, నిజామాబాద్ ఇందూరు అయింది, కరీంనగర్ ప్రాంతం సబ్బినాడు అయింది, కృష్ణకు దక్షిణాన సముద్రం వైపు వెలనాడు, కమ్మనాడు, నెల్లూరు వైపు పాకనాడు, కడప వైపు రేనాడు వచ్చాయి. ఈ నాడుల పేర్లు పాతవే గానీ చచ్చిపోయినవి కావు. వెలనాటి, ములకనాటి, పాకనాటి అని మనవాళ్లు ఇప్పటికీ శాఖల పేర్లలో మోసుకు తిరుగుతున్నారు, కాబట్టి ఆడేవాళ్లకు కొత్తగా అనిపించలేదు. పానగల్లు ఒక్కటి మాత్రం కాస్త ఆగేలా చేసింది. బహమనీలకూ విజయనగరానికీ మధ్య నలిగిన ఆ కోట పేరును నేను నల్గొండ పక్కన పెట్టాను. "అక్కడున్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, పెద్ద చెరువు ఉంది. కొండ మీద కోట ఉన్న పానగల్లు వనపర్తి వైపుది" అని ఒకావిడ రాశారు. ఒకే పేరుతో రెండు ఊళ్లు, మధ్యలో చాలా దూరం. కొండ, కోట, కృష్ణ దగ్గరగా ఉండటం, ఈ మూడూ చూసి రెండో దానికే మొగ్గాం.

అసలు నొప్పి పేర్లలో లేదు.

అడగాల్సింది అడగలేదు

మొదటి టెస్ట్ బిల్డ్‌తో పాటు పంపిన ఫారంలో ప్రశ్న ఒకటే: "మ్యాపులో తప్పులేమైనా కనిపించాయా?" ఇంత సోమరి ప్రశ్న ఇంకోటి ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది. జవాబులు వచ్చాయి, కుప్పలుగా వచ్చాయి, దాదాపు అన్నీ ఎల్లల గురించే. కొండవీడు ఇంకా ఉత్తరానికి ఉండాలని ఒకరు, రాచకొండ కృష్ణ దాకా రావాలని ఒకరు, ఉదయగిరి ఎందుకంత పెద్దదని ఇంకొకరు. కొండవీటిని తగ్గించారని కొందరికి కోపం, రాచకొండను తగ్గించారని కొందరికి కోపం, రాసినవాళ్ల ఇంటిపేరు చూడకుండానే ఎవరు ఎటో చాలాసార్లు తెలిసిపోయేది. ఒక రంగు విషయంలో కూడా రగడ నడిచింది. ఒక రాజ్యానికి ముదురు ఎరుపు, ఇంకోదానికి వెలిసిపోయిన ఆకుపచ్చ ఇచ్చామట, అది కావాలని చేసిన అవమానమట. రంగులు మార్చాను, ఆ ఆకుపచ్చ నిజంగానే వెలిసిపోయినట్టు ఉంది.

ఎల్లల గురించి వచ్చిన వాటిలో కొన్ని ఖాయంగా నిజాలు. ఓరుగల్లును నేను బహమనీలకు ఇచ్చాను, 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక అదంతా సుల్తానుల కిందే ఉందన్న బండ లెక్కతో. కాదని పది మంది చెప్పారు. మధ్యలో ముసునూరి కాపయ నాయకుడు ఉన్నాడు, గోల్కొండ బహమనీలకు ఇచ్చుకోవాల్సి వచ్చింది గానీ ఓరుగల్లు నిలుపుకున్నాడు, ఆయన తర్వాత అది రేచర్ల వాళ్ల చేతికి వచ్చింది, బహమనీలు దాన్ని పట్టింది 1424-25లో. అంటే మా ఆట మొదలయ్యే రోజున ఓరుగల్లు మీద రాచకొండ జెండా ఉండాలి. ఈ ఒక్క మార్పుతో రాచకొండ ఆట మొత్తం మారిపోయింది. అంతకుముందు రెండు కొండకోటల మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యం, ఇప్పుడు వెనక ఒక పెద్ద నగరం, చెరువుల కింద పొలాలు, ఎదురుగా బహమనీలు.

కానీ చాలా వాటికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ కాలంలో ఎల్ల అంటే గీత కాదు. ఏ ఊరి గుడిలో శాసనం ఎవరి పేరు మీద ఉంది, ఆ ఏడు ఎవరికి కప్పం కట్టారు, అంతవరకే తెలుస్తుంది. రెండు శాసనాల మధ్య ఉన్న నేల ఎవరిదంటే ఏం చెప్తాం. ఆ ప్రశ్నకు పిక్సెళ్లలో జవాబు అడుగుతున్నారు జనం, అడిగేలా చేసింది నేనే.

ఒక ఉత్తరం మాత్రం వేరేగా ఉంది. రాసినతను తన గురించి కాదు, వాళ్ల నాన్నగారి గురించి రాశాడు. ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపారు, గేములంటే తెలియదు. కొడుకు ఆడుతుంటే వెనక నుంచి చూస్తూ తెర మీద వేలు పెట్టి, "ఒంగోలు నుంచి నంద్యాల పోవాలంటే గిద్దలూరు దాటినాక ఘాట్ ఎక్కాల. వీళ్లేంది, కిందికి దిగి కడప మీదుగా తిరిగి పోతాండారు?" అన్నారట.

నేను ఫైల్ తెరిచి చూశాను. నిజమే. నల్లమల మొత్తాన్ని నేను దాటరాని నేలగా గీసేశాను, ఉత్తరాన కృష్ణ నుంచి దక్షిణాన పెన్నా దాకా, బూడిద రంగులో, నున్నగా. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు వెళ్లే కనుమ దానికింద పడిపోయింది. ఇప్పుడు రోడ్డూ రైలూ ఆ కొండల్ని కోసుకునే వెళ్తున్నాయి, పాత రోజుల్లో ఎడ్లబండ్లూ అటే వెళ్లాయి.

ఆ రాత్రి ఫారం మార్చాం. తప్పులున్నాయా అని అడగడం మానేశాం. దాని బదులు రెండు ఊళ్ల పేర్లు ఇచ్చి, "రెండు వేల మంది, బండ్లు, కొన్ని ఏనుగులు మీ వెంట ఉన్నాయి. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎటు వెళ్తారు, ఎక్కడ ఆగుతారు, ఏ నెలల్లో అసలు బయల్దేరరు?" అని అడిగాం. ఎల్ల గురించి ఒక్క మాట లేదు. కొండవీడు నుంచి శ్రీశైలం, రాజమహేంద్రవరం నుంచి సింహాచలం, ఓరుగల్లు నుంచి రాజమహేంద్రవరం, దేవరకొండ నుంచి పల్నాడు, ఇలా జంటలు. ఎవరికి తెలిసిన జంటకు వాళ్లు జవాబు రాయొచ్చు.

గొడవలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. దారి గురించి అడిగితే ఎవరూ తమ వంశం గొప్పలు చెప్పరు, తమ ఊరి పక్క వాగు గురించి చెబుతారు.

దారులు

మొదట నల్లమల సంగతి. రెండో బిల్డ్‌లో గిద్దలూరు కనుమ తెరిచాను, మిగతాది గోడలాగే ఉంచాను. అప్పుడే ఆ మెట్ల ఉత్తరం వచ్చింది. అతని వాదన కొట్టిపారేసేది కాదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలిన మనిషి, కొండలకు ఇటు తూర్పు వైపువాడు, శ్రీశైలానికి మెట్లు కట్టించాడంటే తూర్పు నుంచి జనం కొండెక్కి వెళ్తున్నారనేగా. మా 1400కి కాస్త అటూఇటూగానే రెండో హరిహరరాయలు శ్రీశైలంలో ముఖమండపం కట్టించాడు, అంటే పడమటి నుంచీ రాకపోకలు బాగానే ఉన్నాయి.

సరే, తెరిచేద్దాం అంటే? తెరిచి చూశాం. రెండు గంటల్లో కంప్యూటర్ నడిపే విజయనగరం ఇరవై వేల సైన్యాన్ని శ్రీశైలం మీదుగా తీసుకొచ్చి వినుకొండ ముందు దింపింది, ఏనుగులతో సహా, శ్రావణ మాసంలో. అలా జరిగి ఉంటే కొండవీడు వందేళ్లు నిలబడేదే కాదు. అతను చెప్పింది యాత్రికుల దారి, నేను తెరిచింది సైన్యం దారి.

ఇక్కడ మాకు కొత్త వస్తువు ఒకటి అవసరమైంది. అప్పటిదాకా రెండు ప్రావిన్సులు తగులుతాయి, లేదా తగలవు, అంతే. ఇప్పుడు 'కనుమ' అని మూడో రకం లంకె పెట్టాం. కనుమలో వర్తకం నడుస్తుంది, యాత్రికులు నడుస్తారు, గుడికిచ్చిన దానాల వల్ల వచ్చే పలుకుబడి నడుస్తుంది. చిన్న దండు కూడా వెళ్తుంది, కానీ ఏనుగులు, బరువు సామాను వెళ్లవు, వానాకాలంలో వెళ్తే మనుషులు రాలిపోతారు. దీన్ని కోడ్‌లో పెట్టడానికి మా ప్రోగ్రామర్ మూడు వారాలు తీసుకున్నాడు, తీసుకున్నన్నాళ్లూ నన్ను తిట్టాడు. ఒక మెట్ల వరుస కోసం ఇంత అవసరమా అన్నాడు. కనుమ వచ్చాక చూస్తే మ్యాపులో సగం తగువులు దానితోనే తీరాయి.

పాపికొండలనే చూడండి. మొదటి మ్యాపులో గోదావరి వెంబడి రాజమహేంద్రవరం నుంచి ఎగువకు సైన్యం హాయిగా నడిచిపోయేది, ఎందుకంటే నది పక్కన రెండు రంగులు తగిలాయి కదా. "పాపికొండల్లో లాంచీ వెళ్తుంది, దండు వెళ్లదు" అని ఒకరు ఒకే వాక్యం రాశారు. అంతకంటే వివరం అక్కర్లేదు. అక్కడ నదికి రెండు వైపులా కొండలు నిలువుగా దిగుతాయి. దాన్ని పడవ దారి చేశాం, సరుకు మాత్రమే. దాంతో ఓరుగల్లు నుంచి రాజమహేంద్రవరం కొట్టాలనుకునేవాళ్లు ఖమ్మం మెట్టు మీదుగా దిగి మైదానంలోకి రావాల్సి వచ్చింది, అక్కడ కాపలా పెట్టుకోవడానికి రాజమహేంద్రవరానికి ఒక అర్థం దొరికింది.

ఉత్తరాన సింహాచలం దారిలో ఇంకో పాఠం. రాజమహేంద్రవరం నుంచి కళింగానికి వెళ్లాలంటే ఒక పక్క తూర్పు కనుమలు, ఒక పక్క సముద్రం. అన్నవరం, తుని దగ్గర కొండలు ముందుకు జరిగి ఆ మధ్య నేల సన్నబడుతుంది. ఇప్పటి మద్రాసు-హౌరా రైలూ, హైవే కూడా అందులోంచే వెళ్తాయి, ఇంకో దారి లేదు. నా జిల్లాల మ్యాపులో ఆ చోట మూడు వెడల్పాటి ప్రావిన్సులు పక్కపక్కన ఉండేవి, మూడు సైన్యాలు మూడు వరుసల్లో కవాతు చేసేవి. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి, గొలుసులా. రెడ్లు, గంగులు, తర్వాత వచ్చే గజపతులు అందరూ అదే సందులో తలలు కొట్టుకోవాలి.

నదులు దాటడం కూడా ఇంతే. రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య గోదావరి వెడల్పు రెండున్నర కిలోమీటర్ల పైనే, అక్కడ మొదటి రైలు వంతెన 1900లో గానీ రాలేదు. మేమేమో నదిని నీలం గీతలా గీసి, దాటితే యుద్ధంలో కొంచెం నష్టం అని సరిపెట్టాం. వర్షాకాలంలో కృష్ణ, గోదావరి దాటడం పూర్తిగా ఆపేయమని దాదాపు దారి ఫారం నింపిన ప్రతివాళ్లూ ఏదో ఒక మాటలో రాశారు. ఆపేశాం. దసరా వెళ్లాక యుద్ధాలు మొదలవడం అన్నది మేం ఎక్కడా నియమంగా రాయలేదు, నదులు మూసేసరికి దానంతటదే వచ్చేసింది.

నీళ్లు

ఇది పూర్తిగా నా తెలివితక్కువ.

ఎస్ఆర్‌టీఎం డేటా 2000 నాటిదని చెప్పాను కదా. 2000లో నాగార్జునసాగర్ ఉంది, శ్రీశైలం డ్యామ్ ఉంది. రాడార్‌కు కింద లోయ కనపడదు, నీటి ఉపరితలమే కనపడుతుంది, బల్లపరుపుగా. అందుకని మా 1400 మ్యాపులో కృష్ణ మీద రెండు మహా సరస్సులు వెలిశాయి. నాకేమో అవి చాలా అందంగా అనిపించి, ఒకదాని ఒడ్డున చేపల ఆదాయం కూడా పెట్టాను. 1955లో పునాది వేసి 1967లో ప్రారంభించిన డ్యామ్ వెనక నీళ్లలో రెడ్డి రాజులకు చేపలు.

ఇది చెప్పినవాళ్లు కోప్పడలేదు, జాలిపడ్డారు. నదిని మళ్లీ లోయలోకి దించడానికి 1950ల నాటి అమెరికన్ సైనిక మ్యాపు షీట్లు పనికొచ్చాయి, రెండున్నర లక్షలకు ఒకటి స్కేలువి. అందులో సాగర్ కట్టకముందు నాగార్జునకొండ లోయ, దాని మీద ఊళ్లు, దారులు కనిపిస్తాయి. ఎత్తుల గీతలు చేత్తో దిద్దుకుంటూ పోయాను.

అదే ఊపులో కనిపించిన ప్రతి పెద్ద నీటి మచ్చనూ చెరిపేశాను. హుస్సేన్ సాగర్ పోయింది, సరే, అది 1562 నాటిది. కంభం చెరువు పోయింది, అదీ తర్వాతిదే. వాటితో పాటు పాకాల, రామప్ప చెరువులు కూడా పోయాయి. అవి కాకతీయులవి, 13వ శతాబ్దానివి, 1400లో నిండుగా ఉండాల్సినవి. మర్నాడే ఓరుగల్లు వైపు వాళ్లు పట్టుకున్నారు. "సాగర్ ఉంచి పాకాల తీసేసినా ఇంత బాధ ఉండేది కాదు" అని ఒకరు రాశారు. తిరిగి పెట్టాను, ఈసారి నీళ్ల లేయర్‌లో ప్రతి చెరువుకూ కట్టిన కాలం రాసి.

డెల్టాదీ ఇలాంటి కథే. కృష్ణా, గోదావరి డెల్టాలంటే కళ్లు మూసుకుని వరి అత్యధికం అని పెట్టాను, ఇప్పుడు అలాగే ఉంది కాబట్టి. కానీ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువలు లేని డెల్టా అంటే మంచి ఏట పంట, వరదొస్తే మునక, వాన లేకపోతే ఎండ. 1832-33 నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఎలా ఊడ్చేసిందో చదివినవాళ్లెవరూ అక్కడ ఎప్పుడూ అన్నం ఉండేదని అనరు. అందుకని సగటు దిగుబడి తగ్గించి, ఒడిదుడుకులు పెంచాం. చెరువుల కింద ఉన్న ఓరుగల్లు వైపు సగటు తక్కువే గానీ నిలకడగా ఉంటుంది. కొండవీడు ఆడేవాళ్లు ఇప్పుడు ధాన్యం నిల్వ గురించి టెన్షన్ పడుతున్నారు, ఇంతకుముందు ఆ మాటే లేదు.

కొల్లేరు గురించి ఒక్క ముక్క. ఉపగ్రహ చిత్రంలో ఇప్పుడు కనిపించే నీళ్లు చూసి చిన్న మచ్చగా పెట్టాను. సరస్సు +5 కాంటూర్ (సముద్ర మట్టం నుంచి అడుగుల్లో ఎత్తు చూపే గీత) దాకా 308, +10 దాకా 901 చదరపు కిలోమీటర్లు అని ఒకరు లెక్క పంపారు. చేపల చెరువుల గట్లు లేని రోజుల్లో వానాకాలం అది ఎంత దూరం పాకేదో ఊహించుకోవచ్చు. సేవ్ ఫైళ్లు తిరగేస్తే ఆడినవాళ్ల సైన్యాలు కొండవీడు నుంచి రాజమహేంద్రవరానికి సరిగ్గా ఆ నీళ్ల మీదుగానే నడిచిపోతున్నాయి. ఇప్పుడు అటు బెజవాడ, వేంగి పై గట్టున పోవాలి, లేదా సముద్రం వారన.

వినని మాటలు

అన్నీ వినలేదు. రాజమహేంద్రవరాన్ని మొదటి రోజు నుంచే వేరే రాజ్యం చేయమని గట్టిగా అడిగారు, కాటయ వేముడంటే అభిమానం చాలామందికి. కానీ 1400లో ఆయన కుమారగిరి కిందే ఉన్నాడు. రెండేళ్లకు పెదకోమటి వేముడు కొండవీడు అందుకున్నాకే రెండూ విడిపోయాయి. అందుకని దాన్ని సామంత రాజ్యంగా పెట్టి, వారసత్వ తగాదా వస్తే విడిపోయేలా చేశాం. ఆట మొదలైన రెండేళ్లకే ఇల్లు రెండుగా చీలడం ఆడేవాళ్లకు కోపం తెప్పిస్తుంది. తెప్పించాలి కూడా.

ప్రతి నాడునూ ముక్కలు చేసి ఇంకా చిన్న ప్రావిన్సులు కావాలన్నారు. మునివేలు కన్నా చిన్న ప్రావిన్స్‌ను ఫోన్ తెర మీద ఎవరూ నొక్కలేరు. కాదన్నాం.

మచిలీపట్నాన్ని పెద్ద రేవు చేయమన్నారు, అది కుతుబ్‌షాహీల కాలంలో వచ్చిన వెలుగు. మా కాలానికి మోటుపల్లే. చీరాల పక్కన ఇప్పుడు చిన్న పల్లెటూరు, కానీ 1244-45లో గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించింది అక్కడే, 1358లో అనపోతారెడ్డి సుంకాల గురించి వేయించిందీ అక్కడే. ఈ విషయంలో మా పక్షాన నిలబడిన టెస్టర్ ఒకతను శ్రీనాథుడి పద్యం తెచ్చాడు. కుమారగిరి వర్తకుడు అవచి తిప్పయ శెట్టి సింహళం నుంచి ఏనుగుల్ని, హురుమంజి (హోర్ముజ్) నుంచి గుర్రాల్ని, చైనా నుంచి పట్టు బట్టల్ని తెప్పించాడని అందులో ఉంది. దాన్ని పట్టుకుని మా సముద్ర వర్తక దారులన్నీ సరిచూసుకున్నాం. గుర్రాలు హోర్ముజ్ నుంచి వస్తాయని ముందే పెట్టాం, ఏనుగులు సింహళం నుంచి వస్తాయన్నది తట్టలేదు.

రెండు పిక్సెళ్లు

అంతా సర్దుకుందనుకున్న వారం, కంప్యూటర్ నడిపే దేవరకొండ సైన్యం ఉన్నట్టుండి పల్నాడులో తేలింది. రేవు లేదు, కనుమ లేదు, పైగా భాద్రపదం, కృష్ణ మూసి ఉంది. రెండు రోజులు కోడ్ వెతికాం. చివరికి రంగుల బొమ్మను ఎనిమిది రెట్లు పెద్దది చేసి నది వెంట అంగుళం అంగుళం జరుపుకుంటూ పోతే, కృష్ణ వంపు తిరిగే చోట నది రంగు ఒక పిక్సెల్ మెలికలో తెగింది. దేవరకొండ పిక్సెల్, పల్నాడు పిక్సెల్ మూలకు మూల తగులుతున్నాయి. మా ప్రోగ్రామ్ నాలుగు వైపులే కాదు, మూలలు కూడా చూస్తోంది. ఆ మూలలోంచి ఒక సైన్యం దూరిపోయింది.

ఆ మెలిక నేను లోయ దిద్దేటప్పుడు చేత్తో గీసిందే. పైగా బ్రష్‌కు అంచులు మెత్తబరిచే సెట్టింగు ఆన్‌లో ఉండిపోయింది, దానివల్ల రెండు రంగుల మధ్య ఏ ప్రావిన్స్‌దీ కాని దొంగ రంగులు కూడా పుట్టాయి. అప్పట్నుంచి బొమ్మ సేవ్ చేసిన ప్రతిసారీ ఒక చిన్న స్క్రిప్ట్ నడుస్తుంది: పేరులేని రంగులు ఎన్ని, మూలల్లో మాత్రమే తగిలే జంటలు ఏవి, గతసారి లేని ఇరుగుపొరుగు ఎవరు. మొదటి రోజే రాసుకోవాల్సింది.

మూడో బిల్డ్ పంపాం. నాలుగు రోజులకు ఆ మెట్ల అతని నుంచి ఉత్తరం. విజయనగరం ఆడుతున్నాడట, శ్రీశైలం మీదుగా వినుకొండకు మూడు వేల మందిని ఆషాఢంలో పంపాడట, సగం మంది దారిలోనే పోయారట. "ఇది బగ్గా అన్నా?" అని అడిగాడు.

కాదని రాశాను. దసరా దాకా ఆగమన్నాను.